ముప్పై ఒకటో డిగ్రీ

ఫోన్ పెట్టేసి ఖైరున్నిసా హాల్లోకి వచ్చింది. గద్వాలలో పుట్టింట్లో ఉన్న ఇంటి యజమానురాలు లలితమ్మ చేసిన ఫోన్ అది. "సార్ కోడేరు సైటు కాడికెల్లి బయలెల్లిండంట ఖైరూ, గంటల ఇంట్ల ఉంటడు. అన్నం వండి పెట్టు, ఎండల వస్తుండు పాపం" అంది. పాపమట! ఎండలో వస్తున్నాడట! జీపు అద్దాలన్నీ బిగించుకుని, చల్లగాలి ముఖానికి తగిలేలా తిప్పుకుని, వెనక సీటులో కాళ్లు చాపుకుని వచ్చే మనిషిని చూసి పాపమనాలట. ఖైరున్నిసా ఆ మాటను నోట్లో పెట్టుకుని నమిలింది, ఉమ్మడానికి చోటు లేక మింగింది. అన్నం ఎప్పుడో వండేసింది. పప్పు, పచ్చిపులుసు, అన్నీ మూతలు పెట్టి ఉన్నాయి. ఇక మిగిలిన పని ఒక్కటే, ఈ గాజు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చోవడం, కాంట్రాక్టర్ కిష్టయ్య వచ్చి దీన్ని చూసినప్పుడు అతని ముఖం ఎట్లా మారుతుందో కళ్లారా చూడటం. పది రోజులుగా ఆమె తిన్నది, పడుకున్నది, లేచింది ఆ ముఖం కోసమే.

పన్నెండు దాటింది. కిటికీలకు పరదాలు వేసి ఉన్నా గోడలు సెగలు కక్కుతున్నాయి. తొట్టి పక్కనున్న చల్లబెట్టే మిషను మీద ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. ముప్పై ఒకటి. తొట్టిలో పగడాలన్నీ తెల్లగా ఉన్నాయి. గోబీపువ్వు లాంటిది, నిన్నమొన్నటిదాకా గులాబీ రంగులో ఉండేది, తెల్లబడింది. మెదడుకాయలా మడతలు మడతలుగా ఉండే ఆకుపచ్చది తెల్లబడింది. వేళ్లు చాపినట్టు ఉండేది వేళ్లన్నీ ముడుచుకుని తెల్లబడింది. పైన నీళ్ల అంచుకు వచ్చి రెండు నారింజ చేపలు నోళ్లు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. వాటికి దూలా, దుల్హన్, అంటే పెండ్లికొడుకు, పెండ్లికూతురు అని పేర్లు పెట్టింది తనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు తన మీద తనకే చీదర వేస్తోంది. శత్రువు బిడ్డలకు ముద్దుపేర్లు పెట్టుకున్న తెలివితక్కువది, ఇంకెవరు, ఖైరున్నిసానే.

వనపర్తి మొత్తంలో ఇట్లాంటి తొట్టి ఇంకొకటి లేదని కిష్టయ్య వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. అది నిజమే. బంగారు చేపల తొట్లు ఉన్నోళ్లు ఉన్నారు, కానీ ఇది సముద్రం. సముద్రమంటే బండ్లమీద తెచ్చింది కాదు, పట్నం నుంచి వచ్చే ఉప్పు పొడిని మంచినీళ్లలో కలిపితే అయ్యే సముద్రం. పగడమంటే ఉంగరంలో పెట్టుకునే రాయి అని ఖైరున్నిసా కూడా మొదట్లో అనుకుంది. రాళ్లు కావు, ప్రాణులు. వాటికి నోళ్లు ఉంటాయి, ఆకలి ఉంటుంది, ముట్టుకుంటే ముడుచుకుంటాయి. పట్నంలో తొట్లు అమ్మే షాపాయన ఫోన్‌లో ఆమెకు ఒక్కటే మాట వందసార్లు చెప్పాడు, "ఇరవై ఆరమ్మా. ఒక డిగ్రీ అటో ఇటో అయితే ఓర్చుకుంటాయి. ముప్పై దాటితే మాత్రం మన చేతుల్లో ఉండదు." ఇరవై ఆరు! వైశాఖ మాసంలో వనపర్తిలో నలభై రెండూ నలభై మూడూ ఉండే ఎండలో, రోజుకు నాలుగు గంటలు కరెంటు పోయే ఊళ్లో, ఇరవై ఆరు! ఆడమనిషి, బడికి అయిదో తరగతి దాటి పోనిది, ఆ ఇరవై ఆరును రెండు వేసవులు కాపాడింది. కరెంటు పోతే మిషను ఆగుతుంది, మిషను ఆగితే నీళ్లు గంటకు ఒక డిగ్రీ ఎక్కుతాయి. అందుకని ఫ్రిజ్‌లో పన్నెండు సీసాల నీళ్లు రాళ్లలా గడ్డకట్టించి పెట్టుకునేది. ఒక్కో సీసా, ఒక్కోసారి, మెల్లగా. అన్నీ ఒకేసారి దించితే చలికి చస్తాయి. ఆ సీసాలు చాలని రోజు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మస్తాన్, ఆమె పెనిమిటి, గోనెపట్టాలో ఐసు గడ్డ చుట్టి సైకిల్ మీద తెచ్చేవాడు. అదీ చాలనప్పుడు ఆమె తల్లి దగ్గర నేర్చుకున్న పని చేసింది. మట్టి రంజన్‌లో నీళ్లు చల్లబడటానికి తడిగుడ్డ చుట్టినట్టు తొట్టి వెనక అద్దానికి గోనెసంచులు తడిపి కట్టి, బల్లఫ్యాన్ తిప్పింది. రెండు డిగ్రీలు దిగాయి. షాపాయనకు చెప్తే నమ్మలేదు, "ఇంకెవరికైనా చెప్తాను, మీ పద్ధతి అని చెప్తాను" అన్నాడు. ఎంత సంబరపడింది ఆ రోజు! అచ్చంపేటలో ఉన్న అత్తకు కూడా చెప్పుకుంది. వాని కోసం, వాని ఇంట్లో, వాని పగడాలకు ఒళ్లు తడిగుడ్డతో తుడిచింది. థూ.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చి ఉంటాడు? కోడేరు దాటి ఉంటాడు. పాన్‌గల్ మీదుగా వస్తాడు, ఎప్పుడూ అదే దారి. రెండేళ్ల కింద ఆ దారిలో హఫీజ్ కూడా వచ్చాడు. ట్రాక్టర్ తొట్టిలో, నాలుగు గోనెసంచుల మీద, ఎవరో తువ్వాల తడిపి ముఖాన వేస్తే అది రెండు నిమిషాల్లో ఎండిపోగా, అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రుద్దుతుండగా వచ్చాడు. ప్రాణంతో పాన్‌గల్ చేరలేదు. ఇరవై రెండేళ్లవాడు. ఆమెకు తమ్ముడు అనుకుంటారు అందరూ, తమ్ముడేంది, అమ్మ పోయినప్పుడు వాడికి మూడేళ్లు, చంకన వేసుకుని పెంచింది, పదకొండేళ్ల పిల్ల తాను. "ఆపా" అని పిలిచేవాడు, ఆ పిలుపులో ఎప్పుడూ ఏదో ఒకటి కావాలన్న గొణుగుడు ఉండేది. ఆపా, మామిడికాయకు ఉప్పూకారం. ఆపా, నా అంగీకి గుండీ. ఆపా, కాలువ పనికి పోత, రెండు నెలలే, వచ్చి రంజాన్‌కు నీకు చీర తెస్త. వద్దురా ఎండకాలం అంటే నవ్వాడు, "ఎండ అందరికీ ఒక్కటే గదాపా, నాకొక్కనికేనా" అన్నాడు. ఒక్కటేనా? ఏడీ, చెప్పు హఫీజ్, ఒక్కటేనా? నీ ఒళ్లు ఆ రోజు ఎన్ని డిగ్రీలు కాలిందో చూసినోడు ఉన్నాడా? ఎర్ర అంకెల మిషను నీ తలాపున ఎవరన్నా పెట్టారా? ఈ తొట్టి ప్రాణులకు ఒక్క అరడిగ్రీ ఎక్కితే పట్నం దాకా ఫోన్లు! ఆమెకు కళ్లు మండాయి. ఏడవలేదు. పది రోజుల నుంచి ఆమె ఏడవటం మానేసింది, ఏడిస్తే లోపలున్న సెగ కాస్త తగ్గుతుందేమోనని భయం.

హఫీజ్ పోయిన మరునాడు ఆమెను ఈ హాల్లోనే కూర్చోబెట్టారు. మగవాళ్లు మట్టి ఇచ్చి వచ్చాక, కాంట్రాక్టర్ సార్ పిలుస్తున్నాడని ఎవరో తీసుకొచ్చారు. ఈ తొట్టిలో అప్పుడే దీపాలు వెలిగించి ఉన్నాయి, కొత్తగా దించిన పగడాలు గులాబీ, ఆకుపచ్చ, ఊదా, ఏడ్చి వాచిన కళ్లకు రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి కనిపించాయి. కిష్టయ్య ఎదురుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. "మీ తమ్ముడు మంచోడమ్మా. పని దొంగ కాదు. వడదెబ్బ, ఏం చేస్తం? నువ్వు గూడ ఈ ఇంట్లనే పని చేసుకో, నీ మొగనికి ఊళ్లె ఏదన్న పని చూపిస్త" అన్నాడు. లలితమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. వాడకట్టులో అందరూ అదే మాట, ఎంత పెద్ద మనసు, ఏ కాంట్రాక్టరు చేస్తాడమ్మా గిట్ల, దేవుడు. ఆమె కూడా అనుకుంది. రెండేళ్లు నమాజు చేసి లేచిన ప్రతిసారీ చేతులు చాపి ఆ మనిషి ఆరోగ్యం కోసం దువా చేసింది! ఆ దువాలన్నీ ఎట్లా వెనక్కు తీసుకోవాలో ఏ మౌల్వీని అడగాలో ఆమెకు తెలియదు.

నాగన్న బస్టాండు కాడ కలవకపోతే ఇంకా చేసేదే. కోడేరు మనిషి, హఫీజ్‌తో కలిసి కాలువలో మట్టి తీసినవాడు, ఆ తర్వాత పుణె పోయి ఇన్నాళ్లకు చెల్లెలి పెండ్లికి వచ్చాడు. ఆమెను చూసి సంచీ కింద పెట్టి చేతులు పట్టుకున్నాడు. ఎక్కడ పని అని అడిగితే ఆమె గర్వంగానే చెప్పింది, కిష్టయ్య సార్ ఇంట్ల, పగడాల తొట్టి చూసుకుంట అని. నాగన్న చేతులు వదిలేశాడు.

"గా తొట్టా? గా పగడాలేనా అక్కా? నీకు తెల్వదా?"

"ఏం తెల్వదు?"

"ఎవలు జెప్పలేదా నీకు? హఫీజ్ పడిపోయినప్పుడు సార్ జీపు ఆడనే ఉండె గదక్కా. పట్నం నుంచి సీదా సైటు కాడికే వచ్చిండు. మేమందరం ఉరికినం, జీపుల ఏసుకపోతడనుకున్నం. ఎనక సీట్లన్ని తెల్ల డబ్బలే, తెర్మకోల్‌వి. దించి ఆ చెట్టు కింద పెడదం సార్, పొల్లగాన్ని ఏసుకుందం అన్న. ఎండల పెడితే సస్తయిరా, పగడాలు గవి, అన్నడు. గయితే అండ్ల ఐసు ఉంటది గద సార్, జర ఒక ముక్కన్న ఇయ్యుండ్రి, తలకాయ మీద పెడ్తం అని కాళ్లు పట్టుకున్నంత పని చేసినం. మూత తియ్యొద్దన్నడు. ట్రాక్టర్ పిలిపియ్యుండ్రి అని జెప్పి పోయిండు. ట్రాక్టర్ వచ్చెటాల్లకు ముప్పావు గంటాయె." నాగన్న ముఖం తిప్పుకున్నాడు. "నీకు తెలుసనుకున్న అక్కా. తెల్సి గూడ పొట్టకోసం చేస్తున్నవనుకున్న."

వాడి మాటల్లో అన్నిటికంటే ఆ చివరిదే ఆమెను కోసింది. తెలిసి కూడా చేస్తున్నదనుకున్నారు! ఆ ముఠాలో పనిచేసిన ఇరవైమందీ, రెండేళ్లుగా, అచ్చంపేట ఖైరున్నిసా తమ్ముని చావు తొట్టిలో పెట్టుకుని మేపుతున్నదని అనుకుంటూ ఉన్నారు! ఇంటికి ఎట్లా నడిచి వచ్చిందో తెలియదు. వచ్చి ఈ తొట్టి ముందు నిలబడింది. అప్పుడు చూసింది వాటిని మొదటిసారి. ఇవీ ఆ జీపులో ఎక్కినవి. హఫీజ్ పడుకోవలసిన సీటులో ఇవి కూర్చున్నాయి. వాడి తలకు పెట్టవలసిన ఐసు మీద ఇవి చల్లగా వచ్చాయి. వాడు పాన్‌గల్ చేరకముందే ఇవి వనపర్తి చేరి దీపాల కింద వేళ్లు చాపుకున్నాయి. కత్తి తీసుకుని కిష్టయ్య మీదికి పోవాలనిపించింది, పోలేదు, అతను అప్పటికే పట్నం పోయాడు, సైట్లు తిరిగి పది రోజులకు గానీ రాడు. లలితమ్మ గద్వాల పోయింది. ఇల్లు మొత్తం ఖైరున్నిసా చేతిలో. తాళాలు, ఫ్రిజ్, మిషను. మిషను మీదున్న, డిగ్రీలు తిప్పే చిన్న బొడిపె.

రోజుకు అర డిగ్రీ. ఒక్కసారే పెంచితే ఒక్కసారే చస్తాయి, ఆ సుఖం వాటికి ఎందుకు? మొదటి రోజు ఇరవై ఆరున్నర, ఏం కాలేదు. రెండో రోజు ఇరవై ఏడు. మూడో రోజు గోబీపువ్వు తన చిన్న చిన్న నోళ్లను లోపలికి లాక్కుంది, హఫీజ్‌కు కూడా నోరు ఎండుకుపోయి ఉంటుంది కదా అనుకుంది ఆమె. అయిదో రోజు మెదడుకాయ అంచులు వెలిశాయి. మస్తాన్ ఆ రోజు అన్నం తింటూ అడిగాడు, "ఏందే, గీ నడుమ ఐసు అడుగుతలేవ్? మీ సముద్రం చల్లబడ్డదా?" ఆమె పప్పు గిన్నె ముందుకు జరిపింది. మస్తాన్‌కు చెప్తే "అల్లా చూసుకుంటడు, నువ్వు జర నిమ్మలంగుండు" అంటాడు, మంచివాడు, ఒట్టి మంచివాడు, ఆ మంచితనంతో ఇద్దరూ కలిసి ఇప్పటిదాకా ఆ కిష్టయ్య ఉప్పు తిన్నారు. ఏడో రోజు షాపాయన తనంతట తానే ఫోన్ చేశాడు, ఎండలు ముదిరాయి, ఎట్లా ఉన్నాయమ్మా అని. తెల్లబడుతున్నాయి అంది. ఆయన కంగారుపడ్డాడు. "అయ్యో, తెల్లబడితే చచ్చినట్టు కాదమ్మా. ఆ రంగు వాటిది కాదు, వాటి ఒంట్లో బతికే నాచుది. వేడికి అది వెళ్లిపోతుంది, తిండి పెట్టేది అదే, అందుకని ఆకలితో ఉంటాయి. మెల్లగా చల్లబెట్టండి, రోజుకు ఒక డిగ్రీ. ఒకటి రెండు వారాల్లోపు అయితే తేరుకుంటాయి." ఆమె సరేనంది. ఫోన్ పెట్టి ఆ రోజు అర డిగ్రీకి బదులు ఒక డిగ్రీ పెంచబోయి, లెక్క తప్పకూడదని అరడిగ్రీతోనే ఆగింది.

ఇంతకీ జీపు ఎక్కడిదాకా వచ్చింది? గడియారం పన్నెండున్నర. ఇదే సమయమట వాడు పడిపోయింది. నాగన్న చెప్పాడు. ఆమె పీట దగ్గరికి జరుపుకుంది. దూలా నీళ్ల అంచున తేలుతున్నాడు, మొప్పల పక్క రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. దుల్హన్ తెల్లబడిన పువ్వు లోపల దూరి బయటికి రావటం లేదు. ఆమె తొంగిచూసింది. అవి ఆమెను గుర్తుపట్టాయి. ఈ రెండేళ్లలో ఎప్పుడు ముఖం చూపినా తిండి వేస్తుందని అద్దం దగ్గరికి వచ్చేవి, ఇప్పుడు కూడా దూలా ఒకసారి అద్దం దాకా వచ్చి వెనక్కు తూలాడు. "నన్నేం చూస్తవు?" అంది ఆమె పైకే, ఖాళీ ఇంట్లో. "మీరే గద డబ్బల ఉన్నది? మీరు గాకపోతే ఎవరు? నాకేం జాలి లేదు. పో." చెయ్యి తనంతట తాను మిషను మీది బొడిపె దాకా పోయింది. ముప్పై ఒకటి. ఇటు తిప్పితే ముప్పై. ఈ చెయ్యే కదా రెండేళ్లు దాన్ని కాచింది, అలవాటు, ఇంకేం కాదు. చేతిని వెనక్కు లాక్కుని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. ఇంకొక్క అరగంట. ఆ ముఖం చూడాలి. ఏం చూడాలి? ఆ మనిషి గంప మోసి పైకొచ్చాడు, ఇరవై ఏళ్ల కింద ముఠామేస్త్రీ, వాడి మెడ వెనక ఇప్పటికీ కాయకట్టిన గుర్తు ఉంది, అదంటే గొప్ప అతనికి. "నేను మట్టి మోసినప్పుడు నాకెవడు నీళ్లిచ్చిండ్రా" అంటాడు కూలివాళ్లతో. అట్లాంటివాడికి దేని మీదన్నా మమకారం ఉందంటే ఈ తొట్టి మీదే. చుట్టాలకు చూపిస్తాడు, ఇంజినీర్లకు చూపిస్తాడు. ఒక ప్రాణాన్ని ఎండలో వదిలేసి మరీ తెచ్చుకున్నాడంటే ఎంత ప్రేమ ఉండాలి! ఆ ప్రేమ దగ్గరే కొట్టింది ఖైరున్నిసా. వచ్చి చూస్తాడు, ఏమైందే అని అరుస్తాడు, గోడకు ఒరుగుతాడు. అప్పుడు ఆమె నిదానంగా, ఎంతో మర్యాదగా చెప్తుంది, నేనే సార్, అని. ఏమన్నా చేసుకోనీ. కొట్టనీ, పోలీసుల్ని పిలవనీ. ఆ ఒక్క నిమిషం వాడికీ తనకూ సమానం. ఆ నిమిషాన్ని తీసుకుపోయి హఫీజ్ తలాపున పెడుతుంది.

బయట జీపు హారన్ మోగింది. ఆమె లేచి నిలబడింది. గేటు చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు, తలుపు తెరుచుకుని ఒక వేడిగాలి లోపలికి వచ్చింది, వెనకే కిష్టయ్య. బొట్టు చెదిరిన ముఖం, చంకలో డైరీ, మెడ చుట్టూ తువ్వాల.

"ఏం ఖైరూ, అంత మంచేనా?"

పక్కకు జరిగి తొట్టికి దారి ఇచ్చింది. కిష్టయ్య రెండడుగులు వేసి ఆగాడు. కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. ఇదే, ఇదే అనుకుంది ఆమె, గోళ్లు అరచేతుల్లో దిగబడేలా పిడికిళ్లు బిగించి.

"అబ్బ!" అన్నాడు కిష్టయ్య. "ఎంత తెల్లగ చేసినవే! ఏం పెట్టి కడిగినవ్?"

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"మొన్నటిదాంక బురద రంగు, పచ్చ రంగు, గలీజుగుండె. ఇప్పుడు సూడు, పాలరాయి లెక్క మెరుస్తున్నయి. ఎల్లుండి ఇంజినీర్ సారోళ్లు భోజనానికి వస్తుండ్రు, మంచి టైముకు మంచి పని చేసినవ్." వంగి అద్దం మీద ఉంగరం వేలుతో టకటకా కొట్టాడు.

"కడగలేదు సార్" అంది ఆమె. "సచ్చినయి గవి. వేడికి సచ్చినయి. నేనే సంపిన. మిషన్ల రోజింత రోజింత పెంచుకుంట పది రోజులు సంపిన."

కిష్టయ్య ఆమె వైపు తిరిగి చూశాడు. ఒక్క క్షణం చూసి, నవ్వాడు. నిజంగానే నవ్వాడు, కోపం లేకుండా, చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు. "రాళ్లను సంపుడేందే? పోనియ్. సచ్చినా గిట్లనే తెల్లగుంటయంటే ఇంక మంచిదాయె. చల్లబెట్టే లొల్లి తప్పింది. ఆ మిషను బంద్ చెయ్, దాని చప్పుడుకు చెవులు పోతున్నయి." అని సోఫాలో కూలబడి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

ఆమె నిలబడే ఉంది. ప్రేమ లేదు. ఆ మనిషికి వాటి మీద ప్రేమే లేదు, రంగులు కూడా గుర్తులేవు. తెల్లనివైనా సరే, చచ్చినవైనా సరే, గాజు తొట్టి ఉంటే చాలు. మరి? మరి హఫీజ్ దేనికి పోయాడు? ఇన్నాళ్లూ, ఈ పది రోజులూ, కనీసం ఆ దుర్మార్గుడు ప్రాణంగా చూసుకునే వస్తువు కోసం హఫీజ్‌ను వదిలేశాడనుకుంది. ఆ అనుకోవటంలో కూడా ఎక్కడో వాడి చావుకు ఒక విలువ కట్టుకుంది కదా తాను. అదీ లేదు.

"సార్" అంది. "ఆ దినం సైటు కాడ మా హఫీజ్ పడిపోయినప్పుడు, డబ్బ మూత ఎందుకు తియ్యలేదు?"

కిష్టయ్య తువ్వాల ఆపి ఆలోచించాడు. దాచుకోవటానికి ఆలోచించలేదు, గుర్తు చేసుకోవటానికి ఆలోచించాడు. "ఆ, గదా?" అన్నాడు. "షాపాయన ఇంటికి పోయేదాంక మూత తియ్యొద్దన్నడు. గందుకే తియ్యలే." అంతే. అని, కాళ్లు చాపి, కళ్లు మూసుకుని, "జర మంచినీళ్లియ్యి ఖైరూ, గొంతెండిపోతుంది. ఫ్రిజ్‌ల నీళ్లు తే" అన్నాడు.

వంటింట్లోకి ఎట్లా వెళ్లిందో, ఫ్రిజ్ తలుపు ఎట్లా తెరిచిందో! పది రోజులుగా వాడని పన్నెండు సీసాలు, గడ్డకట్టి, తెల్లగా మంచు పట్టి, ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయి. కింది అరలో తాగే నీళ్ల సీసాలు. అచ్చంపేటలో పీర్ల పండుగ పది రోజులూ అబ్బాజాన్ గుమ్మం ముందు బానతో నీళ్లు పెట్టి నిలబడేవాడు, అడిగినవాడిది ఏ కులం, ఏ ఊరు అని చూసేవాడు కాదు, పగవాడైనా సరే దాహమన్న నోటికి లేదనొద్దని గ్లాసు తానే అందించేవాడు. ఖైరున్నిసా కూడా జన్మలో ఎవరికీ లేదనలేదు. ఆమె చెయ్యి కింది అర దాకా పోయింది, ఆగింది. పై అరలోంచి గడ్డకట్టిన సీసా ఒకటి పీకింది. అరచెయ్యి చురుక్కున కాలినట్టయింది. ఎవరిమీద పోసింది ఈ పది రోజులూ తన సెగనంతా? నోరులేనివాటి మీద, తననే నమ్ముకుని అద్దం దాకా వచ్చేవాటి మీద. అవేమన్నా ఆ జీపు ఎక్కుతామని అడిగాయా?

సీసా పట్టుకుని హాల్లోకి వచ్చింది. చల్లదనం తగిలి కిష్టయ్య కళ్లు తెరిచి, చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యిని దాటుకుని పోయింది. తొట్టి మూత ఎత్తి సీసాను మెల్లగా నీళ్లలోకి దించింది. దూలా ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు. మిషను బొడిపెను ముప్పైకి తిప్పింది. షాపాయన చెప్పినట్టు రోజుకు ఒకటి, మెల్లగా.

"ఏందే, నేనడిగితే అండ్ల ఏస్తవు?" అన్నాడు కిష్టయ్య. చెయ్యి ఇంకా చాపే ఉంది. "నాకు?"

"మీకు లేవు సార్" అంది ఖైరున్నిసా.